వంగి చూసే డ్రైవరు

గుంటూరులో ఆటో తోలేవాళ్ళకి కదిలే ముందు వెనక్కి చూసే అలవాటు లేదు. బండి స్టార్టు చేయడం, హారన్ నొక్కడం, ముందు చక్రాన్ని దొరికిన సందులో దూర్చడం, మూడూ ఒక్కసారే జరిగిపోతాయి. ఆ తర్వాత అడ్డమొచ్చినవాడి అదృష్టం. అలాంటి ఊళ్ళో, బస్టాండు ఎదురుగా ఉన్న ఆటోస్టాండులో, షేక్ మాబు అనే మనిషి ఒక్కడు మాత్రం బేరం కుదిరి, మనుషులెక్కి, సంచులు సర్దుకున్నాక తీరిగ్గా సీట్లోంచి దిగేవాడు. ఆటో చుట్టూ తిరిగి, వెనక చక్రాల దగ్గర మోకాళ్ళ మీద చేతులానించి, వంగి బండి కిందికి చూసేవాడు. అటు పక్కా చూసేవాడు, ఇటు పక్కా చూసేవాడు. అక్కడ ఏమీ ఉండేది కాదు. మహా అయితే ఒక అరటి తొక్క ఉండేది. అప్పుడు వచ్చి కూర్చుని బండి కదిలించేవాడు.

రైలుకి టైమైపోతోందని లోపలున్నవాళ్ళు గింజుకునేవాళ్ళు. కొందరు విసుక్కుని దిగి వేరే ఆటో ఎక్కేసేవాళ్ళు. పక్క ఆటో యేసుపాదం నోరు ఊరుకునే రకం కాదు. "ఏం మాబన్నా, కింద పిల్లి ఈనిందా?" అనేవాడు. మాబు నవ్వి ఊరుకునేవాడు. యాభై దాటిన మనిషి. ఎడమ చెవి ఎప్పుడో చిట్లి అడ్డదిడ్డంగా అతుక్కుని ఉండేది, ఆ చెవికి సరిగ్గా వినపడేది కూడా కాదు. ఎగతాళి మాటలన్నీ అటు వైపే పడ్డట్టు ఉండేవాడు.

ఒకరోజు స్టాండులో పెద్ద వాదన లేచింది. ఏ ఊళ్ళో బండి తోలడం ఎక్కువ ప్రమాదం అని. యేసుపాదం హైదరాబాదు అన్నాడు, అక్కడ ఆరు నెలలు తోలి వచ్చిన గొప్ప ఒకటుంది వాడికి. ఇంకొకడు విజయవాడ అన్నాడు. మూడోవాడు మద్రాసు బస్సుల సంగతి ఎత్తుకున్నాడు. టీలు అయిపోయేసరికి అందరూ కలిసి, ఎన్ని చెప్పినా మన గుంటూరే నంబర్ వన్ అని గర్వంగా తేల్చుకున్నారు. మనవాళ్ళకి చెడ్డపేరులో కూడా మొదటి స్థానమే కావాలి.

"నువ్వు లారీ తోలినోడివి గదన్నా, నువ్వు చెప్పు," అన్నాడు యేసుపాదం.

"దర్శి పొదిలి రోడ్డు," అన్నాడు మాబు.

అందరూ పడీపడీ నవ్వారు. "ఆ రోడ్డు మీద బండి కనపడితే పిల్లలు బయటికొచ్చి చూస్తారు గదన్నా. గుద్దుకోడానికి రెండో బండి ఉండొద్దూ?"

"అందుకేరా. ఇక్కడ ఎవడూ ఎదుటోణ్ణి నమ్మడు. నమ్మడు కాబట్టి చూస్తాడు. రోజుకి నాలుగు సొట్టలు పడతాయి, బూతులు తిట్టుకుంటారు, ఇంటికెళ్ళి అన్నం తింటారు. అక్కడ రోడ్డు ఖాళీగా ఉంటది. ఖాళీయే గదా అని మనకి మనమే చెప్పుకుంటాం. జనం చచ్చేది అక్కడ."

ఈ మాట ఎక్కణ్ణించి వచ్చిందో స్టాండులో ఎవరికీ తెలియదు. తెలిస్తే యేసుపాదం ఆ పిల్లి మాట మళ్ళీ ఎత్తేవాడు కాదు. నోటి దురుసే గానీ వాడు మంచివాడే.

మాబుది సత్తెనపల్లి. తండ్రి పత్తి మిల్లులో బేళ్ళు మోసేవాడు. బేళ్ళు మోసే నడుము తనకొద్దని మాబు చిన్నప్పుడే లారీ ఎక్కాడు, మీరా హుస్సేన్ అనే పాత డ్రైవరు దగ్గర క్లీనరుగా. తిట్లు తింటూ పని నేర్చుకున్నాడు. తొంభైలు ముగిసే నాటికి ఒక షావుకారు లారీకి నమ్మకమైన డ్రైవరు. మిరప సీజన్లో పొదిలి, దర్శి పల్లెల నుంచి గుంటూరు యార్డుకి టిక్కీలు తోలేవాడు. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోతం. పత్తి సీజన్లో పత్తి. మిగతా రోజుల్లో ఏ ఊరికి లోడుంటే ఆ ఊరు.

అన్ని ఊళ్ళూ తిరిగినవాడు కాబట్టి ఏ ఊరి పద్ధతి ఆ ఊరికి ఒంటబట్టించుకున్నాడు. విజయవాడలో సిగ్నలు దగ్గర ఆగుతారు గానీ పచ్చలైటు పడకముందే దూకుతారు. మద్రాసులో ఎవడి వరసలో వాడు పోతాడు, బస్సువాడికి తప్ప. హైదరాబాదులో ఎడమ పక్కనుంచి దూరేవాణ్ణి కనిపెట్టుకోవాలి. గుంటూరులో నాలుగు పక్కలా చూసుకోవాలి, తలెత్తి పైకి కూడా చూసుకోవాలి, కరెంటు తీగలు లోడుకి తగులుతాయి. ఇన్ని ఊళ్ళలో ఇన్నేళ్ళు తిరిగినా అతని బండి మనిషిని తాకలేదు. కోడిపిల్లని కూడా తొక్కలేదని భార్య జుబేదా వీధిలో చెప్పుకునేది. అది అబద్ధం, కోళ్ళు రెండు మూడు పోయాయి. మనిషిని తాకలేదన్నది మాత్రం నిజం. ఆస్తి లేని ఇంట్లో అదే ఆస్తిగా ఉండేది.

మీరా హుస్సేన్ ఒక్క విషయం మాత్రం పదే పదే చెప్పేవాడు. "ఎవణ్ణయినా గుద్దితే ఆగొద్దురా. దిగావా, అక్కడే చంపేస్తారు. నేరుగా స్టేషనుకి పోయి కూర్చో."

"నేనయితే ఆగుతాను గురూ," అనేవాడు మాబు.

"ముందు గుద్దు, తర్వాత చెప్పు," అనేవాడు మీరా హుస్సేన్.

దర్శి, పొదిలి మెట్ట పల్లెల్లో ఒక పద్ధతి ఉంది. ఉలవ, కొర్ర, కంది కోసి, గింజతో ఉన్న ఎండిన కట్టె తెచ్చి తారు రోడ్డు మీద పరుస్తారు. కళ్ళం చేసుకోవాలంటే అలకాలి, ఎడ్లని కట్టాలి, రోలరు లాగించాలి. ఎడ్లు అమ్మేసుకున్న ఇళ్ళకి అదంతా ఎక్కడ కుదురుతుంది? రోడ్డున పోయే బండ్లే తొక్కి గింజ రాలుస్తాయి. చుట్టూ రాళ్ళు పెట్టి సగం రోడ్డు కలిపేసుకుంటారు. మోటారు సైకిళ్ళవాళ్ళు జారిపడి తిట్టుకుంటూ పోతారు. బస్సులవాళ్ళు పక్కకి తప్పించుకుపోతారు. మాబు తప్పించుకునేవాడు కాదు. లారీ నెమ్మది చేసి, చక్రాలు సరిగ్గా కట్టె మీదికి ఎక్కేట్టు తోలేవాడు. ఎవరన్నా చెయ్యి ఊపి అడిగితే వెనక్కి తీసి మరోసారి తొక్కించేవాడు. నిండు లోడు లారీ రెండు తొక్కుళ్ళు తొక్కితే ఎడ్లు పూటంతా తిరిగినదానితో సమానం. అందుకే ఆ రోడ్డు వెంట అతని లారీ అందరికీ గుర్తు. దాని ముందు కట్టిన పచ్చ గుడ్డ దూరాన కనపడగానే ఆడవాళ్ళు కట్టె ఎగదోసేవాళ్ళు. ఎవరో ఒకరు ఇన్ని ఉలవలు మూటగట్టి క్యాబిన్లో పెట్టేవాళ్ళు. ఆ యేడాదంతా జుబేదా ఇంట్లో ఉలవచారు కాగేది.

వాళ్ళలో వెంకటరావమ్మ ఒకతె. మొగుడు, ముసలి మామ, మెట్ట పొలం, అంతే ఆమె సంసారం. మామ పేరు పేరయ్య. రోడ్డు మీది పంటకి కావలి ఆయనదే. రాత్రంతా పశువుల్నీ దొంగల్నీ అదిలిస్తూ అక్కడే పడి ఉండేవాడు. తెల్లారి కోడలు వచ్చే వేళకి చెంబు తీసుకుని చేలవైపు వెళ్ళేవాడు. చెంబు ఎప్పుడూ పెట్టే రాయి మీద కనపడకపోతే ఆయన బయటికి వెళ్ళినట్టు లెక్క.

ఆ చలికాలం చలి బాగా ముదిరింది. పొద్దున్నే పొదిలి నుంచి లోడుతో వస్తున్నాడు మాబు. క్లీనరుకి జ్వరమొచ్చి అక్కడే ఉండిపోయాడు కాబట్టి క్యాబిన్లో ఒక్కడే. ఊరు దాటగానే, ఎండ అప్పుడే చేల మీద పడుతుంటే, రోడ్డు మీద వెంకటరావమ్మ కనిపించింది. రాత్రి కుప్పగా ఎగదోసిన ఉలవకట్టెని పంగలకర్రతో అప్పుడే పరవడం మొదలుపెట్టింది. సగం ఇంకా కుప్పగానే ఉంది. పచ్చ గుడ్డ చూసి ఆమె పంగలకర్ర కింద పడేసి రెండు చేతులూ ఊపింది. ఈ లారీ వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు, పడమటి మబ్బులు చూస్తే వానొచ్చేట్టుంది.

మాబు బండి ఆపి తల బయటికి పెట్టాడు. "ఇంకా మంచు ఆరలేదు గదమ్మా."

"పైపైనేలే అన్నా. అడుగున పొడిగానే ఉంది. ఎక్కించెయ్యి."

"కుప్ప దగ్గర ఎవరూ లేరుగా?"

వెంకటరావమ్మ రాయి వైపు చూసింది. చెంబు లేదు. "ఎవరూ లేరన్నా, వచ్చెయ్," అంది.

మాబు ఎక్కించాడు. తొందరపడలేదు, మనిషి నడిచే వేగంతోనే పోనిచ్చాడు. ముందు చక్రం కుప్ప ఎక్కినప్పుడు మెత్తగా ఒక కుదుపు వచ్చింది. కట్టె గుట్టలో అలాంటి కుదుపులు మామూలే. దాటి ముందుకెళ్ళాక అద్దంలో చూస్తే ఆమె మరోసారి అన్నట్టు చెయ్యి ఊపుతోంది. వెనక్కి తీశాడు. వెనక చక్రాల కింద కట్టె కదిలి పక్కకి ఒరిగింది. అందులోంచి సొట్టపడిన ఇత్తడి చెంబొకటి దొర్లుకుంటూ వచ్చి తారు మీద ఆగింది.

చలికి తట్టుకోలేక పేరయ్య తెల్లవారుజామున కుప్పలోకి దూరి పడుకున్నాడు. పగలు కాగిన తారు రాత్రంతా వెచ్చదనాన్ని వదలదు. పైన కట్టె కప్పుకుంటే దుప్పటికన్నా నయం. చెంబు ఎవరన్నా ఎత్తుకుపోతారని పక్కలో పెట్టుకున్నాడు.

మాబు దిగాడు. ఆగొద్దన్న మీరా హుస్సేన్ మాట అతనికి ఆ క్షణాన గుర్తుకే రాలేదు. చేతులతో కట్టె తోడాడు. ముసలాయన చెయ్యి ముందు తగిలింది. ఇంకా వెచ్చగా ఉంది. నిద్ర వెచ్చదనం అది. ఆ తర్వాత తోడటం ఆపేశాడు. ఇక అక్కడ చూడదగ్గది ఏమీ లేదు. వెంకటరావమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది.

ఊరి మగాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఏం జరిగిందని ఎవరూ అడగలేదు, అడగడానికి ఏముంది, లారీ ఉంది, శవం ఉంది. కాళ్ళతో తన్నారు, రాళ్ళతో కొట్టారు. రోడ్డు మీద పడి ఉన్న పంగలకర్ర తీసి ఎవడో తల మీద వేశాడు, అది చెవి మీద పడింది. "కళ్ళు కనపడలేదంట్రా నీకు? కుప్ప మీదికి ఎందుకెక్కించావురా?" అని జుట్టు పట్టి అడుగుతున్నాడు ఆమె మొగుడు.

మాబు ఆమె వైపు చూశాడు. చూసింది ఒక్కసారే. ఆ మొహంలో ఉన్న భయం చూశాక అతనికి కోపం రాలేదు, జాలి వేసింది. తను నాలుగు దెబ్బలు తిని, జైలుకెళ్ళి, ఎప్పటికో ఇంటికి పోతాడు. మామని లారీ కిందికి తోసిన కోడలన్న పేరు పడితే ఈమె ఈ ఊళ్ళో ఒక్కపూట కూడా బతకదు.

"చూసుకోలేదు," అన్నాడు. "నాదే తప్పు."

పోలీసుల దగ్గరా అదే మాట చెప్పాడు. వకీలు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. పంటని రోడ్డు మీద పోశారని గట్టిగా చెప్పు, ఎవరో పిలిస్తేనే ఎక్కించానని చెప్పు అన్నాడు. మాబు చెప్పలేదు. కోర్టులో ప్రతి వాయిదాకీ వెంకటరావమ్మ వచ్చి మొగుడి పక్కన, తల మీద కొంగు కప్పుకుని కూర్చునేది. మాబు ఆ వైపు చూసేవాడు కాదు. శిక్ష పడింది. లైసెన్సు పోయింది. షావుకారు వేరే డ్రైవర్ని పెట్టుకున్నాడు. జుబేదా మిరప కోతలకి పోయి సంసారం లాక్కొచ్చింది. సాయంత్రాలు చేతులు మంటలెత్తి కుండలో నీళ్ళు పోసుకుని అందులో ముంచుకుని కూర్చునేది.

జరిగింది జరిగినట్టు అతను భార్య ఒక్కదానికే చెప్పాడు, జైలు నుంచి వచ్చాక. జుబేదా మండిపడింది. "ఆమె పిలవబట్టే కదండీ ఇదంతా? ఆమె సంసారం నిలబడింది, మనది బజార్నపడింది. ఆమె మీకేమవుతుందని?"

"ఏమీ కాదు," అన్నాడు మాబు. "చేసిన పాపం ఎట్టాగూ చేశాను. అందులో ఈ ఒక్కటన్నా మంచిపని ఉండనీ."

జుబేదా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇంట్లో ఉలవలు వండటం మాత్రం మానేసింది.

లైసెన్సు మళ్ళీ చేతికొచ్చాక మాబు లారీ వైపు పోలేదు. గుంటూరు చేరి అద్దెకి ఆటో తీసుకున్నాడు. ఊరు దాటి బయటికి బేరమొస్తే ఎంతిస్తానన్నా ఒప్పుకునేవాడు కాదు. ఇరుకులో, తిట్లలో, హారన్ల మధ్య అతనికి ఊపిరి ఆడేది. అక్కడ ఎవరో ఒకరు బండికి అడ్డంగా కనపడుతూనే ఉంటారు. మనిషి కనపడుతున్నంతసేపూ భయం లేదు. ఖాళీగా ఉన్న బండి కింద చూస్తేనే అతని గుండె జారేది. అయినా చూడకుండా ఉండలేకపోయేవాడు.

ఒక మధ్యాహ్నం బస్టాండులోంచి ఒకామె వచ్చి ఆటో ఎక్కింది. "పెద్దాసుపత్రికి పోనీ నాయనా," అంది. మాబు ఆమె మొహం చూడలేదు. ఎప్పట్లాగే దిగి, చుట్టూ తిరిగి, వంగి చూసి లేచాడు. లేచేసరికి ఆమె సీట్లోంచి అతని చిట్లిన చెవి వైపే చూస్తోంది. జుట్టంతా నెరిసిపోయింది, బుగ్గలు లోపలికి పోయాయి. అయినా వెంకటరావమ్మని పోల్చుకోవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని బండి కదిలించాడు.

మార్కెట్ సెంటర్లో ట్రాఫిక్ బిగుసుకుపోయింది. ఎడ్లబండి ఒకటి, దాని వెనక బస్సు, చుట్టూ రిక్షాలు. మాబు ఇంజను ఆపేశాడు.

"మాబన్నా," అంది ఆమె వెనకనుంచి.

అతను తిరగలేదు. కుడి చెవి మాత్రం అటు పెట్టాడు.

"చెంబు కనపడలేదన్నా. చెంబు లేదు గదా, చేలోకి పోయాడనుకున్నా. అంతే చూశా. కుప్ప చుట్టూ తిరిగి చూడలేదు."

"నాకు తెలుసమ్మా."

"ఆ రాత్రే మా ఆయనకి చెప్పేశా, పిలిచింది నేనేనని. నోరు మూసుకోమన్నాడు. ఎక్కడన్నా అన్నావంటే నీ మీద కేసు పడుద్ది అన్నాడు. తర్వాత ఎప్పుడు తాగొచ్చినా, మా నాన్నని మింగావని అదే పాట. పోయినేడు ఆయనా పోయాడు."

"అయితే నేను చెప్పకపోయినా..."

"నువ్వు చెప్తావని ప్రతి వాయిదాకీ చూశానన్నా. ఇయ్యాళన్నా చెప్తాడు, అందరి ముందూ నన్ను నిలబెడతాడు, తిట్టేవాళ్ళు తిడతారు, శిక్షేసేవాళ్ళు వేస్తారు, ఇక అయిపోద్ది అనుకునేదాన్ని. నువ్వు తలొంచుకుని నాదే తప్పంటావు. నువ్వు శిక్ష పూర్తిచేసుకుని బయటికొచ్చావు. నాకు వేసేవాళ్ళే లేకపోయిరి."

మాబుకి కోపం వచ్చింది. ఆ రోజు దెబ్బలు తింటున్నప్పుడు రాని కోపం, జైల్లో రాని కోపం ఇప్పుడొచ్చింది. ఇన్నేళ్ళుగా తన దగ్గర మిగిలింది ఆ ఒక్క మంచిపనే. జుబేదా మంటెక్కిన చేతులు చూసినప్పుడల్లా దాన్ని తలుచుకునే ఓర్చుకున్నాడు. ఇప్పుడు అదీ లేదు. ఏదో ఒకటి అనాలని వెనక్కి తిరిగాడు. ఆమె ఏడవడం లేదు. ఒళ్ళో ఆసుపత్రి చీటీ, చిన్న ప్లాస్టిక్ సంచీ పెట్టుకుని, ఏ మాటంటాడో అన్నట్టు అతని మొహంలోకి చూస్తోంది. ఏమన్నా పడటానికి సిద్ధంగా ఉంది.

అంతలో ఎడ్లబండి కదిలింది. బస్సు కదిలింది. వెనక ఆటోలన్నీ ఒక్కసారి హారన్ ఎత్తుకున్నాయి. "కదలవేంట్రా ముసలోడా, నిద్రపోతున్నావా?" అని ఎవడో అరిచాడు. బండి నిలబడిపోయింది కాబట్టి మాబు అలవాటు ప్రకారం కిందికి దిగాడు. వెనకనుంచి బూతులు మొదలయ్యాయి. అతను ఎడమ చక్రం దగ్గర మోకాళ్ళ మీద చేతులానించి వంగాడు.

బండి కింద, అవతలి పక్కన, రెండు పాదాలు కనిపించాయి. తర్వాత ఒక చెయ్యి నేలకి ఆనింది. తర్వాత ఆమె మొహం. వెంకటరావమ్మ కుడి పక్కనుంచి దిగి, నడుం పట్టుకుని, కొంగు మట్టిలో పడుతున్నా పట్టించుకోకుండా వంగి, చక్రం వెనకా ముందూ చూస్తోంది.

"ఇటు ఎవరూ లేరన్నా," అంది.

మాబు తల ఊపాడు. ఊపి, చుట్టూ తిరిగి ఆ పక్కకి వచ్చి, తనే మరోసారి వంగి చూశాడు. ఆమె కొంగు దులుపుకుని, పక్కకి జరిగి అతనికి చోటిచ్చింది.